జల్లెడాయన లైను

రెండో నంబరు పంపు కింద నేల పొడిగా ఉండటం చూసి ఆయన మూతి ముడిచాడు. ఆ పంపు కింద నేల ఎప్పుడూ పొడిగా ఉండకూడదు. తిరిగే ఇరుసు చుట్టూ బిగించిన పట్టీ సందులోంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతూ ఉండాలి. ఆ తడి ఉంటేనే లోపల చుట్టిన తాడు కాలిపోకుండా నిలుస్తుంది. రాత్రి డ్యూటీ వాడికి ఈ సంగతి చెప్పి చెప్పి ఆయన నోరు నొప్పెట్టింది. చుక్క కనిపిస్తే చాలు, వాడి చేతులు దురద పెడతాయి, పానా తీసుకుని బిగించేస్తాడు. పొద్దున్నే వచ్చి ఈయన వదులు చేయాలి.

"మనిషి పుట్టుక పుట్టాక ఒక్క ముక్కయినా బుర్రకెక్కాలిగా," అని పంపుతోనే అన్నాడు. చెప్పదగ్గ మనిషి అక్కడ మరొకడు లేడు మరి.

పొట్టి మనిషి. ఉతికి ఉతికి రంగు వెలిసిన ఖాకీ చొక్కా, జేబులో టెస్టరు, ముక్కు మీదకి జారిపోయే కళ్ళజోడుకి మెడ వెనకనుంచి కట్టిన నల్ల దారం. ఎవరి గురించైనా మాట్లాడబోయే ముందు కింది పెదవి కాస్త ముందుకొచ్చేది. ఆ పెదవి వెనక్కి వెళ్ళిన సందర్భాలు తక్కువ. ఊరి నీళ్ళ పంపుల్ని నడిపే పనిలో ఆయన జుట్టు నెరిసింది. ఊళ్ళో కొళాయి తిప్పే వాళ్ళెవరికీ ఆయన ఒకడున్నాడని తెలియదు. అందుకు ఆయనకేమీ బాధ లేదు. కొళాయి తిప్పేవాళ్ళంటే ఆయనకున్న అభిప్రాయం కూడా గొప్పదేమీ కాదు.

మోటారు రొద ఒక తీరుకి వచ్చాక, గేజి ముల్లు వేలితో తట్టి చూసి, చేతులు గుడ్డకి తుడుచుకుని, స్టోరు గది తలుపు తీశాడు. పాత వాల్వులూ రబ్బరు వాషర్లూ గ్రీజు డబ్బాల మధ్య ఒక బల్ల, బల్ల మీద పసుపెక్కిన కంప్యూటరు, దాని పక్కన ఆఫీసు టెలిఫోను, అదే తీగకి తగిలించిన మోడెం. ఆ గది ఆయన రాజ్యం. ఆ రాజ్యంలో ప్రజలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

దాన్ని వాళ్ళు "లైను" అనేవారు. ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందు, కంప్యూటరు పిచ్చి పట్టినవాళ్ళు కొందరు తమ యంత్రాల్ని టెలిఫోను తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడించుకునేవారు. ఒకరి యంత్రం పొద్దున ఈయన యంత్రానికి ఫోను చేస్తుంది. తన దగ్గరున్న ఉత్తరాలు ఇచ్చేసి, తనకొచ్చినవి తీసుకుని, పెట్టేస్తుంది. అందరి ఉత్తరాలూ ఈయన గదిలోంచే పోవాలి. లోకం అంతా ఎప్పుడో వేరే దారి పట్టింది. ఒక వాచీలు బాగుచేసే ఆయన, ఒక రిటైరైన టైపు మేష్టారు, ఒక కళ్ళజోళ్ళ కొట్టాయన, ఈయన అక్కగారు మాత్రం ఇంకా ఈ దారినే పట్టుకుని వేలాడుతున్నారు. వాళ్ళు మాట్లాడుకునేదాంట్లో గొప్ప విశేషాలేమైనా ఉండేవా అంటే, అదీ లేదు. ఎండ ఎక్కువగా ఉంది, మోకాలు నొప్పిగా ఉంది, ఫలానా రకం డిస్కులు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి. ఈ అమూల్యమైన సమాచారానికి కాపలాదారు ఈయన.

కాపలా అంటే మామూలు కాపలా కాదు. ఆ యంత్రాల లెక్కలో ఒక్కో అక్షరానికీ ఎనిమిది గడులు ఉంటాయి. గడికో ఒకటో, సున్నానో. లైను పుట్టిన కాలంలో టెలిఫోను తీగల్లో గరగరలు ఎక్కువ కాబట్టి ఎనిమిదో గడిలో ఏం కనిపించినా అది చెత్తే అనుకుందామని ఒక ఒప్పందం చేసుకున్నారు. మిగిలిన ఏడు గడులతో నూట ఇరవై ఎనిమిది గుర్తులు వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కామాలు, చుక్కలు అందులో ఇమిడిపోతాయి. మన అక్షరాలు ఇమడవు. వాటికి ఆ ఎనిమిదో గడి కావాలి. తెలుగు మాటైనా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. తీగలు మారాయి, గరగరలు పోయాయి, ఒప్పందం చేసుకున్నవాళ్ళు సగం మంది పోయారు. ఒప్పందం మాత్రం ఈయన చేతిలో భద్రంగా ఉంది. ఎనిమిదో గడి నిండి వచ్చిన ప్రతిదాన్నీ పట్టుకుని, దాని స్థానంలో ఒక ప్రశ్న గుర్తు పెట్టేసే ప్రోగ్రాము ఒకటి ఆయన సొంతంగా రాశాడు. దానికి "జల్లెడ" అని పేరు పెట్టాడు. లైనులో వాళ్ళు ఆయనకే ఆ పేరు పెట్టారు.

వాచీలాయన ఒకసారి బతిమాలుకున్నాడు. "జల్లెడగారూ, మన భాషలో రాసుకుంటే ఏం పోయింది? యంత్రాలు కూడా మారాయి కదా."

"మారింది యంత్రాలు. ప్రమాణం కాదు," అని ఈయన జవాబు రాశాడు. అది కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే. నూట ఇరవై ఎనిమిది గుర్తుల్లో చెప్పలేనిది చెప్పదగ్గదే కాదని కింద ఒక వాక్యం కలిపాడు. ఆ వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, దాన్ని ఒక కాగితం మీద అచ్చు తీసి గోడకి అంటించుకున్నాడు. స్టోరు గదిలో, గ్రీజు డబ్బాల పైన, ఎవరూ చదవని చోట ఒక మహావాక్యం అలా వెలిసిపోతూ ఉండేది.

ఆయనకి గర్వకారణమైన రూలు ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో డిస్కులో చోటు బొత్తిగా తక్కువ. అందుకని, ఉత్తరం ఈయన యంత్రానికి అందగానే "చేరింది" అని ఒక కబురు వెనక్కి వెళ్తుంది. ఆ కబురు అందగానే పంపినవాళ్ళ యంత్రంలో నకలు దానంతటదే చెరిగిపోతుంది. రెండు చోట్ల ఒకే వస్తువు దాచుకోవడం దండగ అని ఆయన సిద్ధాంతం. ఉత్తరం జల్లెడలోకి వెళ్ళేది ఆ కబురు పంపిన తర్వాతే. ఆ వరసలో ఏదైనా తేడా ఉందేమోనని ఆయనకి ఏనాడూ తోచలేదు. తనకి తోచలేదంటే లేనట్టే.

ఆ పొద్దున మోడెం కీచుమంది. టైపు మేష్టారు కీళ్ళనొప్పుల గురించి రాశాడు. కళ్ళజోళ్ళాయన ఒక కామా ఎక్కువ పెట్టాడు. ఆయన ఇద్దరినీ చదివి, ఇద్దరి మీదా పెదవి విరిచాడు. తర్వాత అక్క యంత్రం పిలిచింది. ఎప్పుడూ రెప్పపాటులో ముగిసే ఆ పిలుపు ఈసారి చాలాసేపు సాగింది. ఏంటింత రాసిందని ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

తెర నిండా కొక్కేలు. ప్రశ్న గుర్తులు వరసలు వరసలుగా, పై నుంచి కింది దాకా. మధ్యలో ఖాళీలు, కామాలు, చుక్కలు మాత్రం చెక్కుచెదరకుండా వచ్చాయి. అవి నూట ఇరవై ఎనిమిదిలోవే కదా. ఎక్కడ మాట విరిగిందో, ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ కొత్త పేరా మొదలైందో అన్నీ కనిపిస్తున్నాయి. మాటలే లేవు. అన్నిటికన్నా కింద, వేరుగా, ఒక పొట్టి వరస ఉంది. ఒకే మాట కాబోలు.

"మళ్ళీ అదే వేషం," అన్నాడాయన.

ఈ మధ్య ఆమె ఇలా పంపడం ఇది మొదటిసారి కాదు. కాకపోతే ఇంతకుముందువి పొట్టివి. వచ్చినప్పుడల్లా యంత్రం రూలు ప్రకారం ఒక జవాబు పంపింది. ప్రమాణానికి లోబడి లేదు, సరిచేసి మళ్ళీ పంపగలరు అని ఇంగ్లీషులో ఒక ముక్క. "పంపగలరు" అని మర్యాదగానే ఉంటుందని ఆయన ఉద్దేశం. ఈసారి కూడా ఆ ముక్క దానంతటదే వెళ్ళిపోయింది.

అక్కకి పక్షవాతం వచ్చిన సంగతి ఆయనకి తెలుసు. మేనకోడలు ఫోను చేసి చెప్పింది. మాట పడిపోయింది, కుడి చెయ్యి పడిపోయింది, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టలేకపోతోంది, మన అక్షరాలు మాత్రం గుర్తున్నాయట, డాక్టరు ఒక్కోసారి ఇలా అవుతుందన్నాడట. ఆయన నమ్మలేదు. పోతే అన్నీ పోతాయిగానీ, ఏరుకుని పోతాయా? చిన్నప్పటినుంచీ అక్కకి మొండితనం ఎక్కువ. వాచీలాయన చెప్పుడు మాటలు విని, జబ్బు వంకతో జల్లెడ మీద దండయాత్రకి దిగిందని తేల్చుకున్నాడు. అలా తేల్చుకోవడం వల్ల ఒక సౌకర్యం ఉంది. వెళ్ళి చూడక్కర్లేదు.

ఆమె ఉండేది ఏ దేశంలోనో కాదు. అదే ఊళ్ళో, బస్సెక్కితే టిక్కెట్టు నలిగే లోపే దిగిపోయేంత దూరంలో. అయినా ఆయన ఆ గుమ్మం తొక్కి ఏళ్ళయింది. తగాదా ఏమీ లేదు. రోజూ లైనులో మాట్లాడుకుంటున్నాంగా, మళ్ళీ వెళ్ళడం ఎందుకు అనేవాడు. రోజూ మాట్లాడుకునేది ఏంటంటే, ఆమె "తిన్నావా" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది, ఈయన "ఆ" అని కొట్టేవాడు. అది రెండు డిస్కుల్లో రెండు చోట్ల ఉండకుండా చెరిగిపోయేది.

అమ్మా నాన్నా తొందరగా పోయిన ఇంట్లో ఈయన్ని పెంచింది ఆ అక్కే. రెడీమేడు బట్టల కంపెనీలో కాజాలు కుట్టే మిషను మీద పని చేసేది. పలక మీద చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆమె. ఈ పసుపెక్కిన కంప్యూటరు తెచ్చింది కూడా ఆమే. కంపెనీ వాళ్ళు పాతదని పారేస్తుంటే అడిగి తీసుకుని, సీటు దొరకని బస్సులో మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. "నీకు ఇలాంటివంటే ఇష్టం కదరా," అంది. ఆ యంత్రం మీదే ఆయన జల్లెడ రాశాడు.

మోటార్ల వేడి పెరిగే వేళకి చిన్న ఇంజనీరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. రెండు ఫోన్లున్నవాడికి బుర్ర రెండు చోట్ల ఉంటుందని, ఏ చోటా పూర్తిగా ఉండదని ఈయన అభిప్రాయం.

"ఈ పాత ఫోను తీసేయమంటున్నారండీ ఆఫీసులో. మీ మొబైల్ నంబరు ఇవ్వండి, రాసుకుంటా."

"లేదు."

"నంబరు లేదా, ఫోనే లేదా?"

"రెండూ లేవు."

"మరి అర్జంటైతే ఎలాగండీ?"

"పంపుకి అర్జంటైతే అదే అరుస్తుంది. మనుషులకి అర్జంటైతే ఆ ఫోనుంది. తీసేయమన్నవాళ్ళని వచ్చి తీయమనండి, చూస్తా."

ఇంజనీరు నవ్వేసి, గేజి వైపు ఒక చూపు పారేసి, రెండో నంబరు పంపు కింద తడి చూసి, "ఇక్కడ లీకవుతోంది, కాస్త బిగించండి," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఈయన పెదవి ఆ రోజంతటికీ సరిపడా ముందుకొచ్చింది.

క్యారేజీ విప్పి రెండు ముద్దలు తిన్నాడో లేదో ఫోను మోగింది. మేనకోడలు. రక్తపరీక్షల ల్యాబులో పని చేసే పిల్ల, మాట కాస్త కరుకు. ఆ కరుకుదనం ఎక్కడినుంచి వచ్చిందని ఈయన ఆశ్చర్యపోయేవాడు. మేనమామ పోలిక అని చుట్టుపక్కల వాళ్ళందరికీ తెలుసు.

"మామయ్యా, అమ్మ పంపింది వచ్చిందా?"

"వచ్చింది. కొక్కేలు."

"అంటే?"

"అంటే చదవడానికి లేదు. ప్రమాణం ప్రకారం పంపలేదు మీ అమ్మ."

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఎడం చేత్తో కొట్టింది మామయ్యా. ఒక్క వేలితో. ఎన్నో రోజులు కూర్చుంది. మన అక్షరాలు పడేలా ఒక ప్రోగ్రాము ఎక్కించి, కీబోర్డు మీద ఆ అక్షరాలు రాసి నేనే అంటించి ఇచ్చాను. వేలు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడేది. చెరిపి మళ్ళీ కొట్టేది. నేను సాయం చేస్తానన్నా వినలేదు."

"ఏం రాసిందో నువ్వు చూళ్ళేదా?"

"చూడనిస్తేగా. నేను దగ్గరికెళ్తే తెరకి చెయ్యి అడ్డం పెట్టేది. నీకు రాసుకుంది. నాక్కాదు."

ఆయన క్యారేజీ పక్కకి నెట్టాడు.

"పొద్దున్నించీ నీరసంగా ఉంది. కళ్ళు మూసుకునే ఉంటోంది. డాక్టరొచ్చి చూసి, దగ్గరుండమన్నాడు. నువ్వొస్తావా?"

"డ్యూటీలో ఉన్నా."

"సరే," అని ఆ పిల్ల పెట్టేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఈయనకి తేలిగ్గా ఉండేది, తిట్టినవాళ్ళ మీద పెదవి విరవడం ఆయనకి చేతనైన పని.

క్యారేజీ మూసి మళ్ళీ తెర ముందు కూర్చున్నాడు. కొక్కేల వరసల్ని పై నుంచి కిందికి చూశాడు. ఒక చోట కామా తర్వాత కామా, కామా తర్వాత కామా, ఏవో వరసగా చెప్పుకుంటూ పోయినట్టు. ఒక చోట పొడుగాటి వాక్యం, చుక్క పెట్టడం ఇష్టం లేనట్టు సాగింది. ఒక్క వేలితో కొట్టిన మనిషి అంత పొడుగు వాక్యం ఎందుకు రాసినట్టు? ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అక్షరాలేమీ కనిపించలేదు. జల్లెడ తన పని తాను శుభ్రంగా చేసింది. వెనక్కి తీయడానికి ఒక్క గింజ మిగల్చలేదు.

అప్పుడు ఆయన ఎప్పుడూ చేయనిది చేశాడు. జల్లెడ ప్రోగ్రాము తెరిచాడు. ఆ ప్రోగ్రాములో ప్రతి వరసా ఆయనకి కంఠతా వచ్చు. ఎనిమిదో గడిని పట్టుకునేది ఒక్కటే వరస. దాన్ని తీసేయడానికి వేలు కదిపితే చాలు. ఇన్నేళ్ళు వాచీలాయన బతిమాలింది, ఇంకొందరు విసిగిపోయి లైను వదిలి వెళ్ళిపోయింది, అక్క మంచంలో కూర్చుని ఒక్క వేలితో కొట్టుకుంది, అంతా ఈ ఒక్క వరస కోసం. చూస్తే చూపుడు వేలంత లేదు. దీనికా నేను కాపలా కాసింది అనిపించింది ఆయనకి. అనిపించినందుకు కోపం వచ్చింది. కోపంతోనే వరస తీసేశాడు.

తీసేసి, "jallEDa tIsEzAnu, maLLI pampu" అని అక్కకి ఉత్తరం కొట్టి పంపాడు. వెళ్ళిపోయాక తట్టింది. జల్లెడ తీసేశాను, మళ్ళీ పంపు అని కొట్టినదంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆమెకి అది చీమల బారు. తన భాషలో ఒక్క అక్షరం కొట్టడానికి తన యంత్రంలో దారి లేదు. ఆ దారి మూసిందీ తనే, తాళం పోగొట్టిందీ తనే.

మేనకోడలికి ఫోను చేశాడు. "మళ్ళీ పంపమను. ఈసారి వస్తుంది."

"నేను పంపుతా ఉండు, పెట్టెలో ఉంటుందిగా." మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆగకముందే రూలు ఆయనకి గుర్తొచ్చింది.

"ఏం లేదు మామయ్యా. 'చేరింది' అని ఉంది. పెట్టె ఖాళీ."

"ఇంకెక్కడా దాచలేదా?"

"నువ్విచ్చిన ప్రోగ్రామేగా. నువ్వే చెప్పు ఎక్కడ దాస్తుందో."

ఎక్కడా దాయదు. రెండు చోట్ల దాచుకోవడం దండగ. ఒక చోట చెరిగిపోయింది, ఇంకో చోట కొక్కేలైంది. ఆయన తెర మీద చివరి వరస చూశాడు. "లేచాక, ఒక్క ముక్క కొట్టమని చూడు. కింద చివర్న పొట్టిది ఒకటి రాసింది. అదొక్కటి కొట్టినా చాలు. నేనే ఇక్కణ్ణించి మిషను చేత డయల్ చేయిస్తూ ఉంటా. ఏదుంటే అది తీసుకుంటుంది."

"నువ్వు రాకూడదా మామయ్యా?" అంది ఆ పిల్ల, మెత్తగా. ఆ మెత్తదనం ఈయనకి అలవాటు లేదు.

"సాయంత్రం వాడు రాగానే వస్తా. పంపులు వదిలి ఎలా వస్తాను?"

రెండో నంబరు పంపుని కాసేపు ఆపి, పక్క గేటు దగ్గర కాపలా మనిషికి చెప్పి వెళ్ళిపోవచ్చు. ఒంట్లో బాగోలేనప్పుడు ఇంతకుముందు అలా వెళ్ళాడు కూడా. కానీ పంపులు వదిలి ఎలా వస్తాను అన్న మాట నోట్లోంచి వచ్చేసింది. వచ్చిన మాట మీద నిలబడటం తప్ప ఆయన ఇంకేమీ నేర్చుకోలేదు.

యంత్రానికి పని అప్పజెప్పాడు. అది ఊరికే ఊరికే అక్క ఇంటికి డయల్ చేసింది. అక్కడి యంత్రం కీచుమని పలికింది, ఏమీ లేదంది, పెట్టేసింది. మళ్ళీ చేసింది. ఏమీ లేదంది. ఆయన పంపుల మధ్య తిరిగాడు, బేరింగుల మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు, గేజి తట్టాడు, మధ్యమధ్యలో గది గుమ్మంలోంచి తెర వైపు చూశాడు. పొద్దు వాలేసరికి అక్కడి యంత్రం అసలు పలకడమే మానేసింది. ఫోను కంపెనీ వాళ్ళు మళ్ళీ ఏదో చెడగొట్టారనుకుని ఆయన వాళ్ళనీ, వాళ్ళ స్తంభాలనీ, వాళ్ళ నిచ్చెనల్నీ ఏకరువు పెట్టి తిట్టుకున్నాడు. తన యంత్రం మాత్రం రూలు తప్పకుండా డయల్ చేస్తూనే ఉంది.

రాత్రి డ్యూటీ వాడు పళ్ళలో పుల్ల పెట్టుకుని వచ్చాడు. వస్తూనే రెండో నంబరు పంపు కింద చూశాడు. చెయ్యి పానా వైపు వెళ్ళింది. ఈయన చూసి కూడా ఏమీ అనలేదు. వాడు ఆశ్చర్యపోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బస్సులో సీటు దొరికింది. కిటికీలోంచి చూస్తే ప్రతి మనిషి చేతిలోనూ ఫోను వెలుగుతోంది. పక్క సీట్లో ఒకావిడ మన అక్షరాల్లో గబగబా ఏదో కొడుతూ, తనలో తనే నవ్వుకుంటోంది. ఆయన పక్కనుంచి తొంగి చూశాడు. ఒక పువ్వు బొమ్మ, దాని కింద ఒక పిల్లి బొమ్మ. వీళ్ళకా ఎనిమిదో గడి అందింది అనుకున్నాడు. పెదవి ముందుకి రాబోయి, మధ్యలో ఆగిపోయింది.

అక్క ఇంటి గుమ్మం ముందు చెప్పులు చాలా ఉన్నాయి. ఆయన తన చెప్పులు విప్పడానికి చోటు వెతుక్కున్నాడు. ముందు గదిలో పక్కింటి వాళ్ళు సర్దుకుని దారిచ్చారు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. అంతకుముందే ఏడ్చేసి ఉంటారు. ఆమె మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. ముఖం మీద నుంచి దుప్పటి కాస్త కిందికి జరిపి, మేనకోడలు గోడకి ఆనుకుని కూర్చుంది. అక్క ఎడం చెయ్యి బయటికే ఉంది. చూపుడు వేలి కొస నున్నగా, కొంచెం ఎర్రగా ఉంది.

"ఎన్నిసార్లు చేశానో మామయ్యా. అన్నిసార్లూ ఎంగేజి," అంది ఆ పిల్ల. "నీ మిషనేమో ఇక్కడ అమ్మ పక్కన కీచు కీచుమని పిలుస్తూనే ఉంది. అందరూ చూస్తున్నారు. చివరికి ఫోను తీగ పీకేశాను."

ఆయనకి చెప్పాలనిపించింది ఆ నూట ఇరవై ఎనిమిది గుర్తుల్లో దేంట్లోనూ లేదు. ఆయన తన జీవితంలో ఎంతోమందిని చూసి అసహ్యించుకున్నాడు, రాత్రి డ్యూటీ వాణ్ణీ, ఇంజనీర్లనీ, కామాలు ఎక్కువ పెట్టేవాళ్ళనీ. వాళ్ళందరినీ కలిపినా, ఆ క్షణాన తన మీద తనకి కలిగిన అసహ్యానికి సరిపోలేదు. చిన్నప్పుడు తన చేత అక్షరాలు దిద్దిస్తూ పలకని కదలకుండా పట్టుకున్న చెయ్యి అదే. దాన్ని ముట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"చివర్న ఏం రాసుంటుందే?" అని అడిగాడు.

"నన్నడుగుతావేంటి మామయ్యా? నీకు రాసింది."

ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది. కిటికీ పక్క బల్ల మీద కంప్యూటరు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు. తెర మీద ఆయన పంపించినవే, ఇంగ్లీషు అక్షరాల్లో, వరసగా, ఒకదాని కింద ఒకటి. ప్రమాణానికి లోబడి లేదు. సరిచేసి మళ్ళీ పంపగలరు. ప్రమాణానికి లోబడి లేదు. అన్నిటికన్నా కింద, జల్లెడ తీసేశాను అన్న ముక్క. ఆమె అవన్నీ చూస్తూ కూర్చుని ఉంటుంది. ఆయనకి ఆమె కొక్కేలు ఎలా కనిపించాయో, ఆమెకి ఇవి అలాగే కనిపించి ఉంటాయి. తమ్ముడు ఏదో జవాబు రాశాడని మాత్రం తెలిసి ఉంటుంది. అది జవాబనుకునే మళ్ళీ రాసి ఉంటుంది, ఈసారి ఇంకా పొడుగ్గా.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఒక్కో మీట మీద, తెల్ల కాగితం చిన్న ముక్కలుగా కత్తిరించి, నీలం పెన్నుతో గుండ్రంగా అక్షరాలు రాసి, పైన టేపు అంటించి ఉంది. కొన్ని చీటీలు కొత్తగానే ఉన్నాయి. కొన్ని ఎడం చేతి వేలు పడీ పడీ మాసిపోయి, నీలం అలుక్కుపోయి, ఏ అక్షరమో తెలియకుండా ఉన్నాయి. ఆయన వేలు ఒకదాని మీద ఆనించాడు. ఏం కొట్టాలో తెలియక, తీసేశాడు. లోపలినుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు.

బల్ల మీద కీబోర్డు అలాగే ఉంది. ఫ్యాను గాలికి ఒక చీటీ అంచు టేపులోంచి ఊడి, లేస్తూ, మళ్ళీ మీట మీద పడుతూ ఉంది.